జీడిమెట్ల ల్యాబ్‌లో రోటావేపర్: ఏళ్లు వాడాక నా మాట

రోటా అంటే ఫ్లాస్క్‌ని వేడి నీళ్ల బాత్‌లో తిప్పుతూ, వాక్యూమ్‌లో సాల్వెంట్‌ని ఆవిరి చేసి తీసేసే యంత్రం. రోటా కొనేవాళ్లు ముందు అడిగేది డిస్‌ప్లే ఉందా, ఫ్లాస్క్‌ని పైకి కిందికి దించే మోటార్ లిఫ్ట్ ఉందా అని. దేశీ తయారీ రోటా మీద ఏళ్ల తరబడి రోజూ సాల్వెంట్ ఎగరగొట్టినవాడిగా చెప్తున్నా: ముందు చిల్లర్, అంటే నీళ్లు చల్లబరిచి తిప్పే మెషిన్ సంగతి చూడండి.

మాకు మొదట్లో చిల్లర్ లేదు, ఆవిరిని మళ్లీ ద్రవంగా మార్చే గాజు కండెన్సర్‌కి ట్యాంక్ నీళ్లే. చలికాలం నడిచిపోయింది. మే నెలలో డాబా మీది ట్యాంక్ నీళ్లు చేతికే వేడిగా తగులుతాయి. 40 డిగ్రీల లోపే మరిగే డీసీఎం (డైక్లోరోమీథేన్ అనే సాల్వెంట్) ఆ నీళ్లకేం చల్లబడుతుంది? కొంత రిసీవర్ ఫ్లాస్క్‌లోకి, మిగతాది నేరుగా వాక్యూమ్ పంపులోకి. పంపులోని డయాఫ్రమ్ పొర పాడైపోయింది, ఆవిర్లు లాగేసే హుడ్ బయట కూడా వాసనే. చిల్లర్ వచ్చాకే అది రోటాలా పనిచేసింది.

బాత్ 60, ఆవిరి 40, చిల్లర్ 20 అన్నది అందరికీ తెలిసిన లెక్క. వేడికి తట్టుకోని కాంపౌండ్ అయితే మేం మూడూ పదేసి డిగ్రీలు తగ్గిస్తాం. ఆవిరి 40 దగ్గర ఉండాలంటే లోపలి ప్రెషర్ ఇథైల్ ఎసిటేట్‌కి 240 మిల్లీబార్, టోలుయీన్‌కి 77. ఈ అంకెలు బాత్ పక్కనే టేపుతో అంటించాం. కొత్త కుర్రాళ్లు మాత్రం వాక్యూమ్ ఒక్కసారిగా ఫుల్‌గా ఇచ్చేస్తారు. ఫ్లాస్క్ భగ్గున పొంగి, వారం కష్టం బంప్ ట్రాప్‌లోకి (పొంగినదాన్ని పట్టే గాజు బుడ్డి) చేరుతుంది. ఫ్లాస్క్ సగానికి మించి నింపకుండా, గాలి వదిలే వెంట్ కాక్ మీద చెయ్యి ఉంచి ప్రెషర్ మెల్లగా దించితే ఆ టెన్షన్ ఉండదు. తడి కండెన్సర్ కాయిల్‌లో మూడింట రెండు వంతులు దాటి పైకి పాకిందంటే వేగం ఎక్కువైనట్టే.

మోటార్ గట్టిది, ఇంతవరకు ఇబ్బంది పెట్టలేదు. లిఫ్ట్ కాస్త బరువు, అంతే.

అసలు బాధ తిరిగే భాగం దగ్గర గాలి లోపలికి రాకుండా ఆపే సీల్‌తో. తిరిగి తిరిగి టెఫ్లాన్ అంచు అరుగుతుంది, పైకి ఏమీ కనబడదు. ఖాళీ ఫ్లాస్క్ తగిలించి, వాక్యూమ్ పెట్టి, కాక్ మూసేసి గేజ్ చూడండి. ముల్లు కదిలిందంటే లీకే. పంపుని తిట్టే ముందు ఇది చేయాలి. స్పేర్ సీల్ ఒకటి ఎప్పుడూ సొరుగులో ఉంచుతాం.

గాజు సామాను విషయంలో అమ్మినవాళ్ల సర్వీస్ దండగ. కండెన్సర్ పగిలితే వాళ్ల జాయింట్ సైజు వేరే ఎవరి దగ్గరా దొరకలేదు, నెలలు ఆగాం. కొనే రోజే ఇంకో కండెన్సర్ కూడా బిల్లులో రాయించుకోండి, బేరం కూడా అప్పుడే తెగుతుంది.