సముద్రపు ఊళ్లలో హాస్టల్ బెడ్: ఆరేళ్లు ఉండి చెప్తున్న మాట

ఆరేళ్లుగా ఏటా రెండు మూడు నెలలు చిన్న చిన్న సముద్రపు ఊళ్లలో గడుపుతున్నాను. దిగేది దాదాపు ఎప్పుడూ బ్యాక్‌ప్యాకర్ హాస్టల్లోనే, అంటే తక్కువ ఖర్చుతో తిరిగేవాళ్లకి గది కాకుండా ఒక్కో బెడ్ అద్దెకిచ్చే చోట; అందులోనూ ఆడవాళ్ల డార్మ్‌లో, అంటే చాలామంది కలిసి పడుకునే గదిలో. కాబట్టి ఇది ఒక్క హాస్టల్ మీద రాస్తున్నది కాదు, ఈ రకం బస మొత్తం మీద. ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఒక్కటే: సముద్రం ఎంత దగ్గరుందో చూడకండి, గది ఎంత పొడిగా ఉందో చూడండి.

మొదటి రెండేళ్లు నేనూ ఫొటోలు చూసే బుక్ చేశాను. కిటికీలోంచి నీళ్లు కనిపిస్తే చాలు, ఇంకేమీ అడిగేదాన్ని కాదు. ఒకచోట తెల్లవారుజామున 5 గంటలకు బస్సు ఉంది. పర్సు, ల్యాప్‌టాప్, కాగితాలు అన్నీ రాత్రే లాకర్లో పెట్టి పడుకున్నాను. లేచి చూస్తే తాళం చెవి దూరింది కానీ తిరగలేదు. ఫోన్ టార్చ్ వేసి చూశాను. కీలు దగ్గర పెయింట్ పొక్కులు పొక్కులుగా లేచి ఉంది, గోరుతో తాకితే ఎర్రటి తుప్పు పొడి రాలింది. రాత్రి డ్యూటీ కుర్రాడు పాపం నిద్రలో లేచొచ్చి, నూనె చుక్కలు వేసి, కదిపి, మళ్లీ వేసి, మొత్తానికి అది తెరుచుకునేసరికి బస్సు వెళ్లిపోయింది. ఆ తుప్పు ఒక్క రాత్రిలో పట్టింది కాదు. ఆ లాకర్ని ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

అలలు విరిగినప్పుడల్లా సన్నటి ఉప్పు తుంపర గాలిలో కలుస్తుంది. ఉప్పుకి తేమను పీల్చుకునే గుణం ఉంది కాబట్టి అది పడిన ఇనుము ఎప్పుడూ తడిగానే ఉన్నట్టు లెక్క. లాకర్లు, మంచాల బోల్టులు, ప్లగ్ పాయింట్లు, మన బ్యాగ్ జిప్పులు, దేన్నీ వదలదు. తీరం నుంచి కొన్ని వందల మీటర్లు లోపలికి వెళ్తే చాలు, దీని తాకిడి బాగా తగ్గుతుంది. అందుకే రెండు మూడు వీధులు వెనక్కి ఉన్నవే చూసుకుంటాను. రేటు కూడా మామూలుగా అక్కడే తక్కువ. లాకర్లో ఏదైనా పెట్టే ముందు ఖాళీగానే రెండుసార్లు తాళం వేసి తీస్తాను. ఇనుప తాళం మానేసి ఇత్తడిది కొనుక్కున్నాను. దాని కొంకి సన్నగా ఉండాలి, లావుగా ఉంటే చాలా లాకర్ల రంధ్రాల్లో పట్టదు.

సముద్రం వైపు కిటికీ ఉంటే రాత్రంతా చల్లగాలి వస్తుందనుకుంటారు. గాలి తీరు అది కాదు. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది కాబట్టి గాలి సముద్రం మీంచి వస్తుంది, రాత్రి నేల త్వరగా చల్లబడి గాలి ఎదురు తిరుగుతుంది, ఊరి వైపు నుంచి సముద్రం మీదికి పోతుంది. మనం పడుకునేది రాత్రి కదా! సముద్రం వైపు ఒక్క కిటికీయే ఉన్న గదిలో నేను ఉక్కపోతతో కూర్చుని తెల్లవార్చిన రాత్రులున్నాయి. ఎదురెదురు గోడలకు కిటికీలుండాలి, అవి నిజంగా తెరుచుకోవాలి కూడా. ఏసీ ఉంది కదా అంటారా, చాలాచోట్ల అది రాత్రి మాత్రమే వేస్తారు. పగలంతా మూసిన గదిలో ఎనిమిది మంది తడి బట్టలుంటే సాయంత్రానికి ముక్కిపోయిన వాసన పట్టేస్తుంది. గాలిలో తేమ 60 శాతం దాటి అలాగే నిలిచిపోతే బూజు మొదలవుతుంది. పరుపు లోపల పట్టిన బూజు పైకి కనపడదు, దిండులో ముఖం పెడితే తెలుస్తుంది.

అటాచ్డ్ బాత్రూమ్ విషయంలో నా మాట చాలామందికి నచ్చదు. డార్మ్‌లో అది సౌకర్యం కాదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ సరిగా లేకపోతే అందరి స్నానాల ఆవిరీ మన పక్కమీదికే వస్తుంది. వరండాలో విడిగా ఉంటేనే మేలు, అయితే రాత్రి దారిలో లైటు ఉందా, డార్మ్ తలుపు బయటివాళ్లు తీయలేని విధంగా ఉందా అని నేను తప్పకుండా చూస్తాను. ఈ రెండూ లేకపోతే ఇంకో చోటు వెతుక్కుంటాను. బాత్రూమ్‌కి ఎనిమిది మంది దాటితే పొద్దున లైను తప్పదు.

ఇక నల్లులు. బ్యాగ్ మంచం మీద పెట్టకండి, ముందు దుప్పటి ఎత్తి పరుపు మూలల్లో కుట్టు వెంబడి, మంచం అతుకుల్లో టార్చ్ వేసి చూడండి. పెద్ద నల్లి సుమారు 5 మిల్లీమీటర్లు ఉంటుంది, కంటికి కనపడుతుంది. అది దొరక్కపోయినా పెన్ను చుక్కల్లాంటి నల్లటి మరకలుంటే చాలు, ఆ మంచం వద్దు. పక్క మంచం కూడా వద్దు, గదే మార్చమనండి. "రెండు వారాలుగా ఈ గది ఖాళీగా ఉంది మేడమ్" అని నాతో ఒకచోట అన్నారు. నల్లి తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది, రెండు వారాలు దానికి ఒక లెక్క కాదు. శుభ్రంగా ఉన్నచోటికీ వస్తుంది, ఎవరి బ్యాగ్‌లోనో ఎక్కి వస్తుంది. కాబట్టి రిసెప్షన్‌లో చెప్పడానికి మొహమాటపడొద్దు, వాళ్లని నిందించనూ వద్దు. చెప్పగానే ఏం చేస్తారో చూస్తే ఆ హాస్టల్ సంగతి తెలిసిపోతుంది.

రివ్యూలు చదివేటప్పుడు కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, వానాకాలంలో రాసినవి వెతకండి. ఐదు నక్షత్రాల వాటిలో ఎక్కువగా స్టాఫ్ మంచివాళ్లు, ఫ్రెండ్స్ దొరికారు అని ఉంటుంది, అవి అబద్ధాలు కావు కానీ పరుపు సంగతి చెప్పవు. మూడు నక్షత్రాలు ఇచ్చినవాళ్లే వాసన, తడి, బాత్రూమ్ గురించి రాస్తారు. బుకింగ్ మాత్రం ఒక్క రాత్రికే చేస్తాను. ఆ రాత్రి తువ్వాలు తడిపి పిండి మంచం కమ్మీకి ఆరేస్తాను. తెల్లారేసరికి ఆరితే ఇంకో వారానికి డబ్బు కడతాను, ఆరకపోతే బ్యాగ్ సర్దుకుంటాను. బాగా రద్దీ రోజుల్లో ఇది కుదరదు, బెడ్ పోతుంది, అప్పుడు రెండు రాత్రులకు తీసుకోవాలి.

1909లో రిచర్డ్ షిర్మన్ అనే జర్మన్ టీచరు తన క్లాసు పిల్లల్ని తీసుకుని నడకయాత్రకు వెళ్లి, గాలివానలో చిక్కుకుని, ఆ రాత్రి ఒక బడిలో తలదాచుకున్నాడు. యూత్ హాస్టల్ అన్న ఆలోచన అతనికి అక్కడే వచ్చింది. 1912లో ఆల్టెనా కోటలో మొదటి శాశ్వత హాస్టల్ తెరిచారు. అంటే ఇదంతా మొదలైందే తడవకుండా పడుకోవడానికి ఒక చోటు కోసం. ఫొటోలకు పోజులిచ్చే ఊయలలు, రంగురంగుల గోడలు చూసినప్పుడల్లా నాకు ఆ బడి గుర్తొస్తుంది.

మూడు సీజన్లుగా నేను ఒకే హాస్టల్‌కి వెళ్తున్నాను. సముద్రానికి పన్నెండు నిమిషాల నడక, కిటికీలోంచి కనిపించేది పక్కింటి గోడ. బంక్ బెడ్లు పాతవే, పైన ఎవరైనా కదిలితే కిర్రుమంటాయి. కానీ ఎండ కాసిన రోజు మధ్యాహ్నం మేడ మీదికి వెళ్తే పరుపులన్నీ పిట్టగోడకు ఆనించి నిలబెట్టి ఉంటాయి, ఒకామె వాటిని ఒక్కొక్కటిగా తిప్పి రెండో వైపు ఎండబెడుతుంటుంది. నా తువ్వాలు అక్కడ తెల్లారకముందే ఆరిపోతుంది.