షూ పైన ఖాళీగా ఉండే ఆ చివరి రంధ్రం: రెండేళ్ళు వాడాక

రన్నింగ్ షూకి అన్నిటికంటే పైన, చీలమండ దగ్గర, ఎవరూ లేసు ఎక్కించని ఒక రంధ్రం ఉంటుంది చూడండి, ఈ రివ్యూ దాని గురించే. కంపెనీ ఏదైనా, రేటు ఎంతైనా దాదాపు అన్ని రన్నింగ్ షూలకీ అది ఉంటుంది. మొదటి ఏడాదిన్నర దాన్ని నేను ముట్టుకోలేదు, ఆ ఏడాదిన్నరలో కాలి గోళ్ళు మూడు ఊడిపోయాయి. ముట్టుకున్నాక ఈ రెండేళ్ళలో ఒక్కటీ ఊడలేదు. నాకు ఎంత సంతోషంగా ఉందో, ఇన్ని రోజులు ఎవరూ చెప్పలేదే అని అంత బాధగా ఉంది.

నాది హన్మకొండ. భద్రకాళి బండ్ మీదో, వడ్డేపల్లి చెరువు కట్ట మీదో రోజూ ఐదారు కిలోమీటర్లు పరుగెత్తినన్నాళ్ళు గోళ్ళకి ఏమీ కాలేదు, రెండూ చదునే కదా. హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్‌కి పేరిచ్చాక ఫ్లైఓవర్లు ఎక్కి దిగడం ప్రాక్టీస్ చేయాల్సి వచ్చింది. నాకు దగ్గర్లో అలాంటి ఎత్తు అంటే ఫాతిమానగర్ రైల్వే బ్రిడ్జే. ఒక ఆదివారం బండ్లు తక్కువుంటాయని తెల్లవారకముందే వెళ్ళి ఎనిమిదిసార్లు ఎక్కి దిగాను. ఎక్కేటప్పుడు ఆయాసం వచ్చింది గానీ దిగేటప్పుడు చాలా హాయిగా అనిపించింది, గోరు దెబ్బతిన్నది మాత్రం ఆ దిగుడులోనే. కాలు షూలో ముందుకి జారుతుంది, అడుగు పడ్డప్పుడల్లా వేలి కొస పోయి షూ ముక్కుకి కొట్టుకుంటుంది, గోరు కింద రక్తం చేరుతుంది. పైగా ఎక్కువ దూరం పరుగెత్తితే పాదం వాస్తుంది కాబట్టి పొద్దున సరిపోయిన షూ గంట తర్వాత ఇరుకవుతుంది.

నాకు బొటనవేలి కంటే పక్కవేలు పొడుగు. మట్టెలు ఉండేది కూడా ఆ వేలికే, పరుగెత్తేటప్పుడు ఎప్పుడూ తీసేదాన్ని కాదు. సాయంత్రానికి వేలు ఉబ్బిపోయి మట్టె లోపలికి కోసుకున్నట్టయింది. సబ్బు రాసినా రాలేదు, కొబ్బరినూనె రాసినా రాలేదు. చివరికి అత్తమ్మ నా కాలు ఒళ్ళో పెట్టుకుని, మట్టె కొసలు రెండూ మెల్లగా వెడల్పు చేసి తీసింది. మట్టెలు తీస్తే ఏమంటుందోనని నేను టెన్షన్ పడుతుంటే, "వేలు బాగుంటే రేపు పెట్టుకోవచ్చు బిడ్డా" అంది. ఆ రాత్రి దుప్పటి తగిలినా ప్రాణం పోయినట్టుంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలు కూడా కొట్టుకునేది.

పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్తే గోరుకి సూదితో సన్నని రంధ్రం చేశారు. నల్లటి రక్తం చుక్కలు చుక్కలుగా బయటికొచ్చింది, నిమిషంలో నొప్పి సగానికి సగం తగ్గింది. మొదటి ఒకటి రెండు రోజుల్లో వస్తేనే దీనివల్ల లాభం, రక్తం గడ్డకట్టాక చేసినా పెద్దగా ఉపయోగం ఉండదన్నారు. ఇంట్లో సూది కాల్చి గుచ్చుకోవద్దనీ, షుగర్ ఉన్నవాళ్ళు అసలు గోరు జోలికి పోవద్దనీ కూడా చెప్పారు. ఇంకో మాట నాకు బాగా గుర్తుండిపోయింది: దెబ్బ తగలకుండా గోరులో నల్లటి గీత వచ్చినా, గోరు పెరుగుతున్నా మచ్చ ముందుకి జరగకపోయినా చర్మం డాక్టర్‌కి చూపించుకోవాలట. రెండు నెలలకి ఆ గోరు ఊడింది. సద్దుల బతుకమ్మ రోజు కాళ్ళకి పసుపు రాసుకుంటుంటే ఆ వేలి దగ్గర చెయ్యి ఆగిపోయింది, గోరు ఉండాల్సిన చోట మెత్తటి చర్మం. కాలి గోరు నెలకి ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది, పూర్తిగా రావడానికి ఏడాది దాటింది.

ఆ తర్వాత ఒకరోజు స్టేడియంలో లేసు కట్టుకుంటుంటే, రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన "బిడ్డా, గా మీది రంధ్రం ఎందుకు ఖాళీగ ఇడిసిపెట్టినవ్?" అని అడిగారు. ఆయనే వంగి చూపించారు. లేసుని అదే వైపు పై రంధ్రంలోకి బయటి నుంచి లోపలికి దూర్చాలి, రెండు పక్కలా చిన్న ఉచ్చులు మిగులుతాయి, కుడి లేసు ఎడమ ఉచ్చులోంచి, ఎడమ లేసు కుడి ఉచ్చులోంచి తీసి కిందికి లాగి ముడేయాలి. మడమ వెనక్కి అతుక్కుపోతుంది, కాలు ముందుకి జారదు. అదే బ్రిడ్జి, అదే షూ, వేలు కొట్టుకోవడం సగానికి పైగా తగ్గింది.

సగం అని ఎందుకంటున్నానంటే మిగతా సగం సైజుది. మొదట్లో కనిపించిన అందరికీ లేసు ఒక్కటి మార్చండి చాలు అని చెప్పాను, అది తొందరపాటే. షూ చిన్నదైతే ఈ ముడి ఏమీ చేయలేదు. తర్వాత ఒక సైజు పెద్దది తీసుకున్నాను, అదీ సాయంత్రం పూట, పరుగెత్తేటప్పుడు వేసుకునే సాక్సులతోనే వెళ్ళి. పొడుగు వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. పోయినసారి మందం సాక్సులేసుకుని 18 కిలోమీటర్లు పరుగెత్తితే ఆ ఖాళీ కాస్తా నిండిపోయి ఎడమకాలి గోరు ఒక మూల నీలంగా అయింది, ఊడలేదు గానీ భయపెట్టింది. గట్టిగా బిగిస్తే చీలమండ ముందు నొప్పి కూడా వస్తుంది, మొదటి వారం నాకు ఎర్రటి గీత పడింది, ఇప్పుడు ఒక వేలు దూరేంత వదులు ఉంచుతున్నా. అసలు లేసు పొట్టిదైంది, పొడుగుది వేరే కొన్నాను. వేళ్ళకి తొడిగే సిలికాన్ టోపీలు కూడా వాడి చూశా, చెమటకి జారిపోయి సాక్సులో ముద్దయ్యాయి, మళ్ళీ కొనను.

నాది పొడుగు పక్కవేలు, వారానికి పాతిక ముప్ఫై కిలోమీటర్లు, అందులో బ్రిడ్జి ఒక్క ఆదివారమే. రోజూ గుట్టలెక్కి దిగేవాళ్ళకి ఇదొక్కటే సరిపోతుందని చెప్పను. చదును రోడ్డు మీదే పరుగెత్తుతూ గోళ్ళు నల్లబడుతుంటే ముందు సైజు, తర్వాత గోళ్ళు పొట్టిగా, అడ్డంగా తిన్నగా కత్తిరించుకున్నారా లేదా చూసుకోండి. మట్టెలు మాత్రం ఇప్పుడు శనివారం రాత్రే తీసి పసుపు గిన్నె పక్కన పెడుతున్నా, ఆదివారం స్నానమయ్యాక మళ్ళీ పెట్టుకుంటున్నా.