బాపు చెవి మిషన్ మళ్ళీ బీరువాలోంచి బయటికొచ్చింది

మా బాపు చెవి మిషన్ పద్నాలుగు నెలలు బీరువాలో, అమ్మ పట్టుచీరల కింద పడి ఉంది. రెండు చెవులకూ కలిపి అరవై రెండు వేలు పెట్టి కొన్నాం. కొన్నది వేరే షాపులో. కరీంనగర్‌లోని ఈ వినికిడి సెంటర్ వాళ్ళు మాకు కొత్త మిషన్ అమ్మలేదు. ఆ పాతదాన్నే మళ్ళీ సెట్ చేసి, ఆరు వారాల్లో నాలుగుసార్లు పిలిపించుకుని, మొత్తం మూడున్నర వేలు తీసుకున్నారు. ఇప్పుడు బాపు దాన్ని పొద్దున మొహం కడుక్కున్నాక పెట్టుకుంటే రాత్రి పడుకునేదాకా తియ్యడం లేదు. ఇలాంటి మిషన్ ఇంట్లో మూలన పడి ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారని ఇదంతా వివరంగా రాస్తున్నాను.

మాది సిరిసిల్ల. బాపుకు 63 ఏళ్ళు. అందులో ముప్పై ఆరేళ్ళు సాంచాల మధ్యే గడిపాడు. బయటివాళ్ళు మరమగ్గాలంటారు, మాకవి సాంచాలు. షెడ్డులోకి అడుగుపెడితే పక్కన నిలబడ్డ మనిషి మాట వినపడదు. పెదవులు చూసి, చేతి సైగలు చూసి అర్థం చేసుకోవాల్సిందే. ఫ్యాక్టరీల్లో రోజుకు ఎనిమిది గంటలు పని చేసేచోట మోత 90 డెసిబెల్స్ దాటకూడదని మన దేశంలో నియమం ఉంది. ఒకసారి నేను ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే బాపు నిలబడే చోట 97 చూపించింది. బాపు పన్నెండు గంటల షిఫ్టులు చేసేవాడు.

వినికిడి ఒక్కరోజులో పోలేదు. ముందు "స", "శ", "త" లాంటి సన్నటి శబ్దాలు పోయాయి. సంచి అంటే అంచి అని వినపడేది. ఫోన్‌లో మాట్లాడటం మానేశాడు. తర్వాత హోరు మొదలైంది. రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక చెవుల్లో సన్నగా ఈల వేసినట్టు ఉంటుందట. "సాంచాలు బందైనా నా చెవుల నడుస్తనే ఉన్నయి బిడ్డా" అనేవాడు.

మొదటి షాపులో పరీక్షకు, మిషన్ పెట్టడానికి కలిపి ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. కంప్యూటర్ చూపించినంత సౌండు ఒకేసారి పెట్టేసి, అలవాటవుతుందిలెండి అని పంపేశారు. ఇంటికొచ్చాక స్టీలు పళ్ళెం కింద పెట్టినా, పేపర్ మడిచినా, బస్సు బ్రేకు వేసినా బాపు ఉలిక్కిపడేవాడు. తన గొంతే తనకు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉందన్నాడు. మూడో రోజు తీసి పక్కన పెట్టాడు. ఆ తర్వాత మామూలు చప్పుళ్ళు కూడా గుచ్చుకుంటున్నాయంటే మెడికల్ షాపు నుంచి దూది తెచ్చి ఇచ్చాను. ఇంట్లో ఉన్నంతసేపూ చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేవాడు. ఆ దూది తెచ్చింది నేను. నేను జువాలజీ లెక్చరర్‌ని. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ బాధగా ఉంది. ఎందుకో కింద చెబుతాను.

ఈ సెంటర్‌లో ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షించి మిషన్ సెట్ చేసే నిపుణురాలు, చిన్నవయసు అమ్మాయి. మొదటిరోజు గంటా పది నిమిషాలు కూర్చోబెట్టింది. గాజు తలుపు గదిలో పరీక్ష అయ్యాక, ఏం పని చేసేవారు, ఎన్నేళ్ళు, హోరు ఏ చెవిలో ఎక్కువ, ఏ చప్పుడుకు చిరాకు వస్తుంది అని బాపునే అడిగింది, నన్ను కాదు. నేను మధ్యలో జవాబు చెప్పబోతే "అంకుల్‌ను చెప్పనివ్వండి మేడమ్" అంది. హోరు ఎంత సన్నగా ఉందో పోల్చడానికి రకరకాల ఈల శబ్దాలు వినిపించింది. బాపు ఆపమన్న శబ్దం సరిగ్గా ఆయనకు వినికిడి బాగా తగ్గిన చోటే, 4,000 హెర్ట్జ్ దాటాక ఉంది. ఆడియోగ్రామ్ కాగితం మీద, అంటే ఏ శబ్దం ఎంత వినపడుతుందో చూపే పటంలో, గీత కూడా అక్కడే కిందికి దిగిపోయింది. పెద్ద మోతలో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకు గీత అక్కడే పడుతుందట.

అప్పుడు ఆ అమ్మాయి చెప్పిన మాట ఇది: "అంకుల్, మీ చెవి నుంచి మెదడుకు వెళ్ళేది తగ్గింది. తగ్గింది కదా అని మెదడు తన వాల్యూమ్ తాను పెంచుకుంది. అది దిగడానికి టైం ఇవ్వాలి."

ఇది నన్ను పట్టుకుంది. మనం పిల్లలకు చెప్పేది, ఎక్కువ వాడిన నరాల కనెక్షన్ బలపడుతుందని. 1973లో బ్లిస్, లోమో అనే ఇద్దరు కుందేలు మెదడులో అది చూపించారు. నేర్చుకోవడానికి అదే ఆధారం అంటాం. కానీ అదొక్కటే ఉంటే ఏమవుతుంది? బలపడ్డ కనెక్షన్ కణాన్ని ఇంకా ఎక్కువ మోగిస్తుంది (మోగడమంటే కణం విద్యుత్ సంకేతం పంపడం), ఎక్కువ మోగింది కాబట్టి ఇంకా బలపడుతుంది. దానికి హద్దు ఉండదు. అటువైపు బలహీనపడేవి పూర్తిగా మూగబోతాయి. అలా జరగకుండా ప్రతి కణం తన మోత ఎంత ఉండాలో ఒక లెక్క పెట్టుకుని, అంతకు తగ్గితే తన కనెక్షన్లన్నీ పెంచుకుంటుంది, మించితే తగ్గించుకుంటుంది. 1998లో అమెరికాలోని బ్రాండైస్ యూనివర్సిటీలో జీనా టురిజియానో, ఆమె సహచరులు దీన్ని ఎలుక మెదడు కణాలను గిన్నెలో పెంచి చూపించారు. బుడగచేప విషంతో ఆ కణాలను రెండు రోజులు మోగకుండా ఆపేశారు. ఆ రెండు రోజుల్లో ఒక్కో సినాప్స్ దగ్గర, అంటే రెండు కణాలు కలిసే చోట, వచ్చే చిన్న సంకేతం పెద్దదైంది. ఇంకో గిన్నెలో, కణాలను అదుపు చేసే నిరోధాన్ని మందుతో తీసేశారు. మొదట అవి విపరీతంగా మోగాయి. రెండు రోజులు గడిచేసరికి సంకేతాలు చిన్నవై, మోత దాదాపు మామూలు స్థాయికి వచ్చింది. సంకేతం అందుకునే గ్రాహకాలు కణం పొర మీద పెరగడం, తగ్గడం ద్వారా ఇదంతా జరుగుతుంది. ఇది గిన్నెలో మాత్రమే కాదు. 2013లో అదే బృందం, స్వేచ్ఛగా తిరుగుతున్న ఎలుకల్లో కూడా దీన్ని చూసింది. ఒక కన్ను మూస్తే చూపుకు సంబంధించిన మెదడు కణాల మోత మొదట పడిపోయింది. కన్ను ఇంకా మూసి ఉండగానే కొద్ది రోజుల్లో మళ్ళీ పాత స్థాయికి వచ్చింది.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది, ఆ మార్పు ఒక్కో కనెక్షన్‌కు విడిగా కాకుండా అన్నిటికీ ఒకే నిష్పత్తిలో జరగడం. బలమైనది బలమైనదిగానే, బలహీనమైనది బలహీనమైనదిగానే ఉండి మొత్తం కలిసి పైకో కిందికో జరుగుతాయి. అందుకే నేర్చుకున్నది చెరిగిపోదు.

నేను ఇదంతా తిరుగు బస్సులో బాపు చెవి దగ్గర గట్టిగా చెబుతుంటే ఆయన కాసేపు ఊరుకుని, "బీము బరువు లెక్కనా?" అన్నాడు. సాంచా చూడనివాళ్ళకు చెబుతాను. పడుగు నూలు చుట్టిన బీముకు వెనక తాడుతోనో గొలుసుతోనో బరువు వేలాడదీస్తారు. నూలు ఎంత బిగువుగా రావాలో ఆ బరువే చూసుకుంటుంది. నేత సాగుతుంటే బీము మీద నూలు తగ్గి బీము సన్నబడుతుంది. అదే బరువు అలాగే ఉంచితే పడుగు బిగుసుకుపోతుంది. "బీము సన్నబడ్డకొద్ది బరువు జరుపుకుంట రావాలె. ఒక్కసారే జరిపితే బట్ట మీద పట్టె పడుతది. ఎప్పుడు ఎంత జరపాల్నో చేతికి తెలుస్తది" అన్నాడు బాపు. వేల పోగులకూ బిగువు ఒక్కసారే మారుతుంది, పోగుకూ పోగుకూ మధ్య వరస చెదరదు. నేను క్లాసులో ఇంతకంటే బాగా చెప్పలేను.

ఇక దూది సంగతి. 2003లో అమెరికాలో ఫార్మ్‌బీ, ఆయన సహచరులు మామూలు వినికిడి ఉన్నవాళ్ళకు రెండు వారాలపాటు, కొందరికి చెవిలో బిరడాలు, కొందరికి సన్నటి హోరు వినిపించే చిన్న పరికరాలు పెట్టారు. బిరడాలు పెట్టుకున్నవాళ్ళకు శబ్దాలు మునుపటికంటే గట్టిగా వినిపించాయి. హోరు విన్నవాళ్ళు మునుపటికంటే పెద్ద శబ్దాలను ఓర్చుకోగలిగారు. 2012లో ఇంగ్లండ్‌లో షేట్, మన్రో బృందం 18 మందికి ఒక చెవిలో వారం రోజులు బిరడా పెట్టింది. వారిలో 14 మందికి లేని శబ్దం వినిపించింది. బిరడా తీసేశాక పోయింది. చెవి హోరుకు మెదడు వాల్యూమ్ పెంచుకోవడమే పూర్తి కారణమని ఇంకా తేలలేదు. కానీ మోతకు చెవులు పోయిన మా బాపుకు, ఇంట్లో చప్పుడే లేనిచోట, నేను దూది పెట్టి కూర్చోబెట్టాను. ఏ చప్పుడు గుచ్చుకుంటుందని పెట్టానో దాన్నే ఇంకా పెంచాను. ఆడియాలజిస్టు ఆ దూది చూసి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "షెడ్డుకు వెళ్తే మాత్రం చెవులకు మఫ్‌లు తప్పకుండా పెట్టుకోవాలి అంకుల్, ఇంట్లో మాత్రం ఏదీ వద్దు" అని రెండూ విడదీసి చెప్పింది.

మిషన్ విషయానికొస్తే, అది మంచి మిషనే. ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఈ సెంటర్ దగ్గర ఉంది. కేబుల్ పెట్టి చూస్తే మిషన్ ఎంతసేపు వాడారో కూడా లోపల రికార్డయి ఉంది. చెవిలోకి సన్నటి గొట్టం పెట్టి, మిషన్ ఇచ్చే సౌండు కర్ణభేరి దగ్గరికి నిజంగా ఎంత చేరుతుందో కొలిచారు. మొదటి షాపులో ఈ పని చెయ్యనేలేదు. తర్వాత ఆ అమ్మాయి బాపుకు చివరికి కావలసిన సౌండులో మూడింట రెండు వంతులే పెట్టి పంపింది. మొదటి వారం ఇంట్లో రోజుకు నాలుగు గంటలు చాలన్నారు. రెండు వారాలకు కొంచెం పెంచారు. నాలుగో వారంలో సన్నటి శబ్దాలను విడిగా పెంచారు. ఆరో వారానికి పూర్తి లెక్కకు వచ్చింది. ప్రతిసారీ కుర్చీలో కూర్చోబెట్టి, స్టీలు గ్లాసు టేబుల్ మీద పెట్టి, పేపర్ నలిపి, "గుచ్చుకుంటోందా అంకుల్?" అని అడిగేది. నాలుగోసారి బాపు, "లేదు బిడ్డా, గ్లాసే అనిపిస్తుంది" అన్నాడు. మిషన్‌లో రికార్డు రోజుకు సగటున తొమ్మిది గంటలు చూపించింది.

హోరు పోలేదు. అది పోతుందని ఆ అమ్మాయి ఒక్కసారి కూడా అనలేదు, ఆ నిజాయితీకి నాకు గౌరవం. పగలు మిషన్ ఉన్నంతసేపు పెద్దగా గుర్తుకు రావడం లేదట. రాత్రి తీసేశాక మళ్ళీ ఉంటుంది. పూర్తి నిశ్శబ్దంలో పడుకోవద్దన్నారు కాబట్టి చలికాలంలో కూడా ఫ్యాన్ ఒకటో నంబరు మీద తిరుగుతుంది, అమ్మ రెండు దుప్పట్లు కప్పుకుంటోంది.

సరిగా లేనివి కూడా చెప్పాలి. సెంటర్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, మెట్లు ఎత్తుగా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళే ఎక్కువ వచ్చే చోట ఇది పెద్ద లోపం. శనివారం అపాయింట్‌మెంట్ ఉన్నా గంటన్నర కూర్చోబెట్టారు. సిరిసిల్ల నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చేవాళ్ళకు అది కష్టం. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే ఫోన్ ఎత్తరు. రిపోర్టు అంతా ఇంగ్లిషులో ఇచ్చారు. బాపు తన కాగితం తాను చదువుకోలేకపోయాడు. తెలుగులో ఒక పేజీ రాసివ్వడం పెద్ద పని కాదు. అలాగే బ్యాటరీ తలుపు చాలా చిన్నది. నూలు పట్టి మొద్దుబారిన వేళ్ళతో బాపు దాన్ని తియ్యలేక రెండుసార్లు బ్యాటరీ కింద పడేశాడు. కొనకు అయస్కాంతం ఉన్న పుల్ల ఒకటి ఉంటుందని మూడో విజిట్‌లో గానీ చెప్పలేదు. మొదటిరోజే చేతికి ఇవ్వాల్సింది. తేమ పట్టకుండా మిషన్ పెట్టుకునే డబ్బాకు విడిగా 400 తీసుకున్నారు, అది ఫర్వాలేదు.

పోయిన ఆదివారం మా చిన్నది వంటింట్లోంచి, "తాతా, సంచి ఇస్తా పట్టుకో" అంది. బాపు ముందు గదిలో ఉన్నాడు, దాని మొహం కనిపించదు. లేచి వెళ్ళి సంచి అందుకున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

రేపు రెండో శనివారం మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి బాపు పక్క సాంచా మీద పాతికేళ్ళు పనిచేసిన కాకను కూడా తీసుకెళ్తున్నాడు. ఆయన మిషన్ కూడా ఏడాదిగా ట్రంకు పెట్టెలో ఉందట. పెట్టె, బిల్లు, పాత రిపోర్టు ఏదున్నా తీసుకురమ్మని సెంటర్ వాళ్ళు ఫోన్‌లో చెప్పారు. ఒంటిగంట లోపలే చేశాం.