మోటార్‌హోమ్‌కు అడ్వాన్సు కట్టేముందు అక్కడి అగ్రిమెంటు అడగండి

న్యూజిలాండ్‌లో మోటార్‌హోమ్ (పడకలు, వంటిల్లు ఉన్న బండి) అద్దెకు తీసుకుని ఇంటిల్లిపాదీ తిరిగి రావాలని అనంతపురంలో ఎవరైనా అడ్వాన్సు కట్టబోతుంటే, ఒక్క రోజు ఆగి ఇది చదవండి. దసరా సెలవుల్లో మేం ఆరుగురం వెళ్లాం. నేను, మా ఆయన, అత్తమ్మ, మామయ్య, ఆరేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. మా ఊళ్లోనే ఒక ఏజెంటు దగ్గర బుక్ చేశాం. "ఆరు పడకల బండి, పది రోజులు, ఇన్సూరెన్సు అంతా కలిపే అక్కా, అక్కడ పైసా కట్టే పని లేదు" అన్నాడు. డబ్బంతా కట్టించుకుని చేతికిచ్చింది మాత్రం ఒక్క పేజీ వోచరు. అగ్రిమెంటు ఏదని నేను అడగలేదు. మీరు తప్పకుండా అడగాలి.

బెంగళూరు దాకా కారు, అక్కడి నుంచి సింగపూర్ మీదుగా క్రైస్ట్‌చర్చ్. రాత్రంతా నిద్ర లేకుండా పొద్దున దిగి బండి ఇచ్చే కంపెనీ డిపోకు పోతే, కౌంటర్లో అమ్మాయి 7,500 డాలర్లకు క్రెడిట్ కార్డు ఇవ్వమంది. అక్కడి డాలరు మనకు సుమారు 50 రూపాయలు. అంటే మూడు లక్షల డెబ్బై ఐదు వేలు! ఇన్సూరెన్సు ఉన్న మాట నిజమే. కానీ బండికి ఏమన్నా అయితే మొదటి 7,500 డాలర్లు మనమే భరించాలట. ఆ మొత్తాన్ని ముందే కార్డు మీద పట్టి ఉంచుతారు. డెబిట్ కార్డు, నగదు తీసుకోరు. కార్డు కూడా బండి నడిపే మనిషి పేరు మీదే ఉండాలి. మా ఆయన కార్డు లిమిటు రెండు లక్షలు. నా కార్డులో లిమిటు ఉన్నా చెల్లదన్నారు.

ఏజెంటుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మనకు అప్పటికి ఇంకా తెల్లవారలేదు. చివరికి రోజుకు 55 డాలర్లు అదనంగా కడితే ఆ భారం తగ్గిస్తామన్నారు. పది రోజులకు 550 కట్టాం.

అంతటితో అయిపోలేదు. అక్కడి చట్టం ప్రకారం ఏడేళ్లలోపు పిల్లలందరినీ చైల్డ్ సీట్లోనే కూర్చోబెట్టాలి. మాకు చూపించిన బండిలో ఆరు పడకలున్నాయి, ఆరు బెల్టులూ ఉన్నాయి. కానీ వెనక చైల్డ్ సీటు బిగించే చోటు ఒక్కటే ఉంది. మిగతావి నడుముకు మాత్రమే పెట్టుకునే బెల్టులు, వాటి మీద పాప సీటు పెట్టకూడదన్నారు. పిల్లల వయసులు బుకింగ్ నాడే ఏజెంటుకు రాసిచ్చాం. ఆ సంగతి డిపోకు చేరనే లేదు. రెండు సీట్లు పట్టే బండికి రోజుకు ఇంకో 40 డాలర్లు. అత్తమ్మ పెట్టె మీదే కూర్చుని కళ్లు మూసుకుని ఉంటే, నాకు ఏడుపొక్కటే తక్కువ. సాయంత్రం నాలుగున్నరకు డిపో మూసేస్తారు. అందుకే బేరమాడే వ్యవధి లేక సంతకం పెట్టేశాం. ఆ రోజు టెకాపో సరస్సు దగ్గర ఉండాల్సినవాళ్లం క్రైస్ట్‌చర్చ్ దాటలేకపోయాం.

డీజిల్ బండి అయితే ఇంకో లెక్క ఉంది. అక్కడ డీజిల్ ధరలో రోడ్డు పన్ను కలవదు, తిరిగిన కిలోమీటర్లను బట్టి విడిగా వసూలు చేస్తారు. బండి అప్పగించేటప్పుడు మాకు వంద కిలోమీటర్లకు 8 డాలర్ల చొప్పున 1,650 కిలోమీటర్లకు 132 పడింది. అన్నీ కలిపి 1,082 డాలర్లు, మన డబ్బులో యాభై నాలుగు వేలు. ఇది తప్పు ఖర్చు అనను. ఇక్కడే చెప్పి ఉంటే కట్టగలమో లేదో చూసుకునేవాళ్లం, కార్డు లిమిటు పెంచుకునేవాళ్లం.

అందుకే డబ్బు కట్టకముందే అక్కడి కంపెనీ అగ్రిమెంటు తెప్పించుకోండి. ఏజెంటు ఇవ్వనంటే అతని దగ్గర కట్టకండి. నష్టం జరిగితే మన వాటా ఎంత, కార్డు మీద ఎంత పట్టి ఉంచుతారు, పైకప్పుకూ బండి అడుగుభాగానికీ దెబ్బ తగిలితే ఎవరు కట్టాలి, ఈ మూడూ అందులో వెతకండి. మేం అదనంగా కట్టిన దాంట్లో కూడా పైకప్పు, అడుగుభాగం లేవు. చైల్డ్ సీట్లు ఎన్ని పడతాయో ఆ బండి మోడల్ పేరుతో సహా ఈమెయిల్‌లో రాయించుకోండి. ఏజెంటు టీసీఎస్ అని (విదేశీ టూరు మీద ముందే వసూలు చేసే ఆదాయపన్ను) పట్టుకుని ఉంటే అది ఆదాయపన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద జమైన పన్నుల్లో కనపడాలి, అదీ చూసుకోండి.

మామయ్య చేసిన ఒక పని మమ్మల్ని కాపాడింది. బయల్దేరే ముందు ఫోన్లో బండి చుట్టూ, లోపలా, టైర్లూ, అద్దాలూ నిదానంగా వీడియో తీశారు. అప్పగించే రోజు డిపోవాళ్లు పక్క తలుపు మీద గీత చూపించి ఇది మీరు చేసిందే అన్నారు. వీడియోలో మొదటి రోజే ఆ గీత ఉంది. చూపించగానే వదిలేశారు.

తిండి గురించి కూడా ఒక మాట. చెనిక్కాయల పొడి, ఊరగాయ ఏది తీసుకెళ్లినా ఎయిర్‌పోర్టు ఫారంలో ఉందనే రాయండి. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్లు జరిమానా. మేం రాశాం, చూసి పొడి వదిలేశారు.

ఏజెంటు మాత్రం "అది అక్కడి కంపెనీ రూలక్కా" అంటున్నాడు. వోచరు, కౌంటర్ రశీదులు, అతని మెసేజీలు జతచేసి వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు రాస్తున్నాం.