రోలర్ రోటరీ: సీసాకి సరే, వాలు టంబ్లర్‌కి తిప్పలే

గాజువాకలో నాది చిన్న గిఫ్టు షాపు. స్టీల్ ప్లాంట్‌లో ఎవరు రిటైరైనా ఆ సెక్షన్ వాళ్లొచ్చి మెమెంటోలు చేయించుకుంటారు. ఈమధ్య షీల్డులు వద్దు, పేరు చెక్కిన స్టీల్ టంబ్లర్లు కావాలంటున్నారు. అందుకే నా 60 వాట్ల సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) లేజర్ చెక్కుడు మిషన్‌కి ఆన్‌లైన్‌లో 7,500 రూపాయలు పెట్టి రోలర్ రోటరీ కొన్నాను, అంటే గుండ్రటి వస్తువుని రోలర్ల మీద పడుకోబెట్టి లేజర్ కింద తిప్పే పరికరం. నాలుగు నెలలైంది.

పై నుంచి కింది దాకా ఒకే లావుండే నీళ్ల సీసాలకైతే దీనికి వంక పెట్టలేను. రోలర్ ఎంత తిరిగితే సీసా పైభాగం అంతే కదులుతుంది. ఒకసారి సెట్టింగ్ కుదిరితే సీసా సైజు మారినా మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.

పెట్టె మీద టేపర్ టంబ్లర్ (మూతి వెడల్పు, అడుగు సన్నం) బొమ్మ కూడా వేశారు చూడండి, గొడవంతా దానితోనే. నా మొదటి ఆర్డరు 12 నల్ల టంబ్లర్లు, పౌడర్ కోటింగ్‌వి. (ఆ పూత కాలితేనే లోపలి స్టీలు తెల్లగా కనిపిస్తుంది. ఉత్త స్టీలు మీద సీఓటూ గీత కూడా పడదు.) మూతి వ్యాసం 87 మిల్లీమీటర్లు, అడుగు వ్యాసం 70. రోలర్ల మీద పడుకోబెడితే అడుగు వైపు పైభాగం 17 మిల్లీమీటర్లకి పైనే కిందికి దిగిపోయింది. మూతి దగ్గర ఫోకస్ పెడితే అడుగు దగ్గర ఉండదు. ‘పదవీ విరమణ’ స్పష్టంగా వచ్చింది, కింది వరసలో ‘శుభాకాంక్షలు’కి క్ష కాస్తా ముద్దయింది. పైగా తిరుగుతూ తిరుగుతూ టంబ్లర్ పక్కకి నడిచిపోయింది. మూడు పాడయ్యాయి. ఇప్పుడు మా ఇంట్లో మజ్జిగ వాటిలోనే.

ఆటోనగర్‌లో లేత్ మిషన్ నడిపే బాబాయి చూసి నవ్వాడు. "టేపరుని అలా పడుకోబెడితే ఎలాగమ్మా? అడుగు పైకెత్తు. నీకు పైన మట్టంగా ఉండాలి గానీ కింద ఎలా ఉంటే ఏం?" అన్నాడు. నైలాన్ ముక్కకి రెండు బేరింగులు బిగించి, ఎత్తు మార్చుకునేలా ఒక ఆనింపు చేసిచ్చాడు. పక్కకి జరగకుండా అడుక్కి ఒక అడ్డు కూడా పెట్టాడు. అన్నీ కలిపి 400. స్పిరిట్ లెవెల్ పెట్టి బుడగ మధ్యకి వచ్చేదాకా ఎత్తుతున్నాను.

అప్పుడు ఇంకో చిక్కు బయటపడింది. రోలర్‌కి తగిలేది మూతి వైపే. అక్కడ చుట్టుకొలత 273 మిల్లీమీటర్లు, అడుగున 220. అదే తిప్పుకి అడుగు వైపు తక్కువ కదులుతుంది కాబట్టి కిందికి వచ్చేకొద్దీ అక్షరాలు ఇరుకవుతాయి. నేను రాసే చోట వ్యాసం 78 కాబట్టి డిజైన్‌ని అడ్డంగా 11 శాతం సాగదీస్తున్నాను. ఇవేవీ వాళ్లిచ్చిన కాగితంలో లేవు.

లేజర్ తలని ముందుకీ వెనక్కీ నడిపే వై మోటార్ వైరు తీసి రోటరీ వైరు పెట్టాలి, మెయిన్ స్విచ్ ఆపాకే. హోమింగ్ (ఆన్ చేయగానే మిషన్ తన మొదటి చోటు వెతుక్కోవడం) ఆపడం మర్చిపోయి మిషన్ ఆన్ చేస్తే, ఆగే స్విచ్ దొరక్క టంబ్లర్ గిర్రున తిరుగుతూనే ఉంటుంది. మొదటిసారి నాకు గుండె ఆగినంత పనైంది. స్క్రూలు మన సముద్రపు గాలికి రెండో నెలకే తుప్పుపట్టాయి, స్టెయిన్‌లెస్‌వి మార్చుకున్నాను.

అయిదుకి మూడు ఇస్తాను, అందులో ఒకటి బాబాయి ఆనింపుకి. సీసాలే చేసేవాళ్లు ధైర్యంగా కొనుక్కోవచ్చు. నాకేమో నిన్న పిడి ఉన్న మగ్గులు 20 ఆర్డరొచ్చింది. పిడి రోలర్లకి అడ్డుపడుతుంది. లోపలి నుంచి పట్టుకుని తిప్పే చక్ రకం వెతుకుతున్నాను.