ఎఫ్‌టీఎల్: తలుపుల కోసమే ఇంకా ఆడుతున్నాను

అంతరిక్ష ఓడని నడిపే ఎఫ్‌టీఎల్ (ఫాస్టర్ దాన్ లైట్) అనే కంప్యూటర్ గేమ్ గురించి ఎవరిని కదిపినా ఆయుధాల దగ్గరే మొదలుపెడతారు. ఏ లేజర్ మంచిది, ఏ ఓడ గట్టిది, చివరి నౌకను ఎలా కూల్చాలి, ఇవే. ఇన్నేళ్లు ఆడాక కూడా నన్ను కట్టిపడేస్తున్నది మాత్రం తలుపులు. మౌస్‌తో నొక్కితే తెరుచుకునే, మళ్లీ నొక్కితే మూసుకునే మామూలు తలుపులు. బయటి తలుపు తీస్తే గదిలోని గాలి అంతరిక్షంలోకి పోతుంది. గాలి పోతే మంట ఆరుతుంది, అక్కడున్న ప్రాణమూ పోతుంది. ఈ ఆటలోని చీకటంతా ఈ ఒక్క నియమంలోంచే వచ్చింది.

ఇందులో కెప్టెన్ తెరమీద ఎక్కడా కనిపించదు. సిబ్బంది మాత్రమే ఉంటారు, ఆజ్ఞలు మనవి. ఆ కెప్టెన్‌ని నేను మొదటి నుంచీ ఆడమనిషిగానే ఊహించుకున్నాను. ఆమె చేతికొచ్చిన కెస్ట్రెల్ ఓడ పైకి చివరిదాకా ఒకేలా ఉంటుంది, లోపలే మారిపోతూ ఉంటుంది. బయల్దేరినప్పటి ఆయుధాలు అమ్మేస్తాం, దొరికిన స్క్రాప్ (ఈ ఆటలో డబ్బు లాంటిది) అంతా షీల్డులకీ ఇంజన్లకీ పోస్తాం. ముగ్గురు మనుషులతో మొదలైన ఓడలో ఐదో సెక్టార్‌కి, అంటే ప్రయాణంలో ఐదో దశకి, వచ్చేసరికి ఒక రాక్‌మన్ (రాతిమనిషి), ఒక ఎంజీ (యంత్రం లాంటి జీవి) తిరుగుతుంటారు. మొదటి ముగ్గురిలో ఒక్కరు మిగిలినా గొప్పే.

నేను సిబ్బందికి మా ఇంటి వరసలే పేర్లుగా పెడతాను. ఒకసారి బాబాయి ఎంజీ, పిన్ని మనిషి. ఎదురుగా మాంటిస్ అనే గ్రహాంతర జాతివాళ్ల ఓడ. ఇద్దరు మాంటిస్‌లు టెలిపోర్టర్‌తో నేరుగా మా ఆయుధాల గదిలోకి దిగారు. వాళ్లతో ముఖాముఖి తలపడితే మనుషులు నిలబడలేరు. అందుకని అందరినీ చికిత్స గదైన మెడ్‌బేలోకి పిలిచేసి, వెనకున్న ఎయిర్‌లాక్ (బయటి తలుపు) నుంచి ఆయుధాల గది దాకా తలుపులన్నీ తీసేశాను. గదులు ఒకటి తర్వాత ఒకటి గులాబీ రంగుకి తిరిగాయి. గాలి అయిపోయిందని గుర్తు అది. ఊపిరాడక మాంటిస్‌లు మెడ్‌బే తలుపు బాదడం మొదలుపెట్టారు. తలుపులకి ముందే అప్‌గ్రేడ్ చేయించి ఉంచాను కాబట్టి అది వెంటనే లొంగలేదు. లోపలికి రాగలిగింది ఒక్కడే, వాడూ కొన ఊపిరితో. పడిపోయే ముందు బాబాయిని రెండు దెబ్బలు కొట్టాడు.

సరిగ్గా అప్పుడే అవతలి ఓడ నుంచి ఒక మిస్సైల్ వచ్చి తలుపుల కంట్రోల్ గదికి తగిలింది. ఆ గది పాడైతే ఏ తలుపూ మన మాట వినదు. ఎయిర్‌లాక్ బార్లా తెరిచి ఉంది. ఆక్సిజన్ యంత్రం బాగానే ఉంది, కానీ అది నింపే గాలి నింపినట్టే బయటికి పోతోంది. మాంటిస్‌లు విరగ్గొట్టిన ఆయుధాలు పనిచేయడం లేదు, అవతలివాడు కాల్పులు ఆపడం లేదు. స్పేస్‌బార్ నొక్కి ఆట ఆపి చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. గాలి లేని గదుల్లోంచి వెళ్లి ఆ కంట్రోల్ ఎవరో ఒకరు బాగుచేయాలి. రిపేర్‌లో ఎంజీలకి మనుషుల కంటే రెట్టింపు వేగం. పంపితే బాబాయినే పంపాలి, వేరే దారి లేదు.

వెళ్లాడు, బాగుచేశాడు. వెంటనే తలుపులు మూశాను. కానీ ఖాళీ అయిన గదులు మళ్లీ గాలితో నిండడానికి టైమ్ పడుతుంది. వెనక్కి పరుగెత్తుకొస్తూ మెడ్‌బేకి ఒక్క గది దూరంలో పడిపోయాడు. ఎడమవైపు జాబితాలోంచి ఆ పేరు పోయింది, అంతే. తర్వాత పిన్ని ఆయుధాలు బాగుచేసింది, యుద్ధం గెలిచాం. ఆ గెలుపు నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు, అందుకే ఈ ఆట అంటే ఇంత ఇష్టం.

2014లో ఈ ఆటకి ఉచితంగా వచ్చిన అడ్వాన్స్‌డ్ ఎడిషన్ అనే అదనపు భాగాన్ని అప్పట్లో అందరి దగ్గరా తెగ మెచ్చుకున్నాను. అందులో వచ్చిన హ్యాకింగ్ (శత్రువు ఓడలోని యంత్రాల్ని దెబ్బతీసే పద్ధతి) సంగతిలో ఇప్పటికీ అదే మాట. క్లోన్ బే విషయంలో మాత్రం మనసు మారింది. మెడ్‌బే స్థానంలో దాన్ని పెట్టుకుంటే పోయినవాళ్లు కాస్త నైపుణ్యం తగ్గి తిరిగొస్తారు. ఆట సులువవుతుంది, నిజమే. కానీ తలుపు తీసేటప్పుడు ఉండాల్సిన భయం పోతుంది. షాపులో అది కనిపించినా నేను కొనను.

ఓడిపోతే తప్పు ఎప్పుడూ ఆడేవాళ్లదే అని కూడా ఒకప్పుడు వాదించేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా అనను. వరసగా రెండు మూడు షాపుల్లో పనికొచ్చే ఆయుధం ఒక్కటీ దొరక్కపోతే ఎంత తెలివిగా ఆడినా లాభం లేదు. చివర్లో వచ్చే రెబెల్ ఫ్లాగ్‌షిప్ (తిరుగుబాటుదారుల ప్రధాన నౌక) అయితే మూడు దశల్లో ఒక్కో ముక్క వదిలేస్తూ కొత్త దాడితో తిరిగొస్తుంది. చూడ్డానికి భయంగా, అద్భుతంగా ఉంటుంది. దాని సిబ్బందిలో అందరినీ చంపితే ఓడ తనంతట తానే రిపేర్ చేసుకుంటుంది కాబట్టి ఒక్కణ్ని బతకనివ్వాలి, ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది. కానీ దాన్ని తట్టుకోవడానికి ఏ ఓడనైనా చివరికి దాదాపు ఒకే రకంగా తయారుచేసుకోవాల్సి వస్తుంది. పైగా మన ఓడలోకి చొరబడడానికి అది పంపే బోర్డింగ్ డ్రోన్‌లకి ఊపిరితో పని లేదు. ఏడు సెక్టార్లు కాపాడిన తలుపులు అక్కడ వాటిని ఏమీ చేయలేవు. ఈ ఒక్క విషయంలో నాకు ఆట మీద కోపం ఉంది.

నా దగ్గరున్నది పాత లాప్‌టాప్. పాప పడుకున్నాక ఏ గంటో దొరుకుతుంది. ఎక్కడంటే అక్కడ ఆపి మర్నాడు మళ్లీ కొనసాగించే ఆట నాకు కావాలి, కాబట్టి ఇది సరిగ్గా సరిపోయింది. చేతివేగం చూపించే ఆటలు ఇష్టపడేవాళ్లకీ, ఓడిపోయాక పాత సేవ్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలనుకునేవాళ్లకీ నచ్చుతుందని చెప్పలేను, ఓడ పేలితే సేవ్ కూడా పోతుంది. కొనేట్టయితే మొదట ఈజీ మోడ్‌లో, అడ్వాన్స్‌డ్ ఎడిషన్ ఆఫ్ చేసి, కెస్ట్రెల్‌తో ఆడండి. మొదటి షాపు దగ్గర ఆయుధం కొనే ముందు తలుపుల అప్‌గ్రేడ్‌కి కాస్త స్క్రాప్ పక్కన పెట్టుకోండి.