చాట్స్‌వర్త్ చుట్టూ నడక: నది గట్టా, ఎన్సర్ ఊరా, స్టాండ్ వుడ్ గుట్టా? ఏది మేలు?

చాట్స్‌వర్త్ అంటే ఇంగ్లండ్‌లోని డార్బీషైర్‌లో డెవన్‌షైర్ డ్యూకుల భవనం, దాని చుట్టూ పెద్ద పార్కు. వేసవి మొదలైందంటే చాలు, "చాట్స్‌వర్త్ వెళ్తున్నాం, ఒక్క రోజే తీరిక, ఏ దారిన నడిస్తే బాగుంటుంది?" అని అడిగేవాళ్లు బయల్దేరుతారు. షెఫీల్డ్‌లో చదువుకునే పిల్లలు అడుగుతారు, మాంచెస్టర్‌లో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు అడుగుతారు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు మరీ ఎక్కువగా అడుగుతారు. భవనానికీ తోటకూ టికెట్టు కావాలనీ, బయటి పార్కులో నడవటానికి కారు పార్కింగ్ రుసుము తప్ప మరేమీ అక్కర్లేదనీ వాళ్లకు తెలిసే ఉంటుంది. తేలనిదల్లా దారి ఒక్కటే.

చెప్పుకోదగ్గవి మూడు. బాజ్లో ఊరి నుంచి డెర్వెంట్ నది వెంట భవనం ముందుగా కాల్టన్ లీస్ దాకా సాగేది మొదటిది. ఎన్సర్ మీదుగా గుట్ట దాటి బేక్‌వెల్‌కు చేర్చేది రెండోది. భవనం వెనక స్టాండ్ వుడ్ అడవిలోకి ఎక్కి, పైనున్న చెరువుల పక్కగా బీలీ మూర్ (చెట్లు లేని పొదల బయలు) మీదికి వెళ్లి, బీలీ ఊళ్లోకి దిగేది మూడోది. నా ఓటు మూడోదానికే అని ముందే చెప్పేస్తున్నాను. అయినా మిగతా రెండింటి మంచిచెడ్డలూ చూద్దాం.

నది దారి సుఖమైన దారి. బాజ్లో నుంచి భవనం మైలున్నర ఉంటుంది, పెద్దగా ఎక్కుడు దిగుడు లేదు. పార్కులోకి వెళ్లే చోట ఉన్న గుండ్రటి గేటులోంచి వీల్‌చైరు కూడా పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే రెండో ఆలోచన అక్కర్లేదు, ఇటే వెళ్లండి. దారిలో చుట్టూ నీటి కందకం ఉన్న ఒక రాతి కట్టడం కనిపిస్తుంది. దాన్ని క్వీన్ మేరీస్ బవర్ అంటారు. స్కాట్లాండ్ రాణి మేరీ ఇంగ్లండ్‌లో బందీగా ఉన్న కాలంలో ఆమెను ఈ ఎస్టేటులో పలుమార్లు ఉంచారు. కాపలా బాధ్యత ష్రూస్‌బరీ ప్రభువుది, ఇల్లు ఆయన భార్య బెస్ ఆఫ్ హార్డ్‌విక్ కట్టించినది. ఆ ఇంటినే 1687 నుంచి మొదటి డ్యూక్ తిరగకట్టించాడు, ఇప్పుడు మనం చూస్తున్నది అదే.

ఆ తర్వాత వాస్తుశిల్పి జేమ్స్ పేన్ కట్టిన వంతెన వస్తుంది. దాన్ని దాటి నదికి పడమటి గట్టున నిలబడి వెనక్కి తిరిగితే, క్యాలెండర్లలో కనిపించే బొమ్మ మొత్తం ఎదురుగా ఉంటుంది: పచ్చిక, నది, భవనం, వెనక అడవి. 18వ శతాబ్దం మధ్యలో నాలుగో డ్యూక్ పిలిపిస్తే తోటలూ పార్కులూ తీర్చిదిద్దే కేపబిలిటీ బ్రౌన్ వచ్చి కొలతబద్దల తోటలను చాలావరకు తీసేయించి, నది ఒడ్డులను మార్చి, చెట్లు నాటించి తీర్చిదిద్దిన దృశ్యం అది. ఇక్కడికి మధ్యాహ్నం తర్వాతే వెళ్లాలి. ఎండ అప్పుడే పడమటి ముఖం మీద పడుతుంది, కిటికీల చట్రాలకున్న బంగారు రేకు పూత అప్పుడే మెరుస్తుంది. పొద్దున వెళితే ఇల్లు నీడలో నల్లగా ఉంటుంది, ఫొటోలూ రావు.

ఈ దారితో నాకున్న పేచీ జనం కాదు, వానాకాలపు బురద కూడా కాదు. ఎంత నడిచినా బ్రౌన్ చూడమన్నదే చూస్తాం. ఆ బొమ్మ ఎలా నిలిచిందో, దాని వెనక ఎంత పని ఉందో నది గట్టున తెలియదు. ఒక్క చోట మాత్రం కొంచెం తెలుస్తుంది. కాల్టన్ లీస్ దగ్గర పడుతుండగా పైకప్పు లేని పిండిమర ఒకటి ఉంది. అదీ పేన్ కట్టినదే, 20వ శతాబ్దం మధ్య దాకా పనిచేసింది. 1962 గాలివానలో బీచ్ అనే జాతి చెట్లు మీద పడి పాడైంది. అలంకారానికీ అక్కరకూ కలిపి కట్టిన ఆ గోడల దగ్గర కాసేపు ఆగండి.

ఎన్సర్ దారి కథల దారి. మ్యాపులో ఎడెన్సర్ అని ఉంటుంది, అక్కడివాళ్లు ఎన్సర్ అంటారు. ఊరు ఒకప్పుడు నదికి దగ్గరగా, భవనానికి కనిపించేలా ఉండేది. ఆరో డ్యూక్ 1838 నుంచి 1842 మధ్య దాన్ని తీయించి, వంపు చాటున కొత్తగా కట్టించాడు. ఒక ఇంటికి ఇటలీ గోపురం, పక్కింటికి స్విట్జర్లాండ్ చూరు, ఇంకో ఇంటికి కోట బురుజు: ఏ రెండిళ్లూ ఒక్కలా ఉండవు. పాత ఊరి ఇల్లు ఒక్కటి మాత్రం రోడ్డుకు అవతల పార్కులో ఒంటరిగా మిగిలింది. ఇళ్లు ముచ్చటగా ఉన్నాయని అందరూ ఫొటోలు తీసుకుంటారు. ఒక మనిషి కిటికీలోంచి కనిపించే దృశ్యం కోసం ఊరినే జరిపారన్న సంగతి నన్ను మాత్రం ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది.

చర్చి వెనక శ్మశానంలో రెండు సమాధులు చూడాలి. ఒకటి కాథ్లీన్ కెనడీది. ఆమె అమెరికా అధ్యక్షుడు జాన్ కెనడీ చెల్లెలు, ఈ ఇంటి కోడలు. 1944లో పెళ్లయింది, నాలుగు నెలలకే భర్త యుద్ధంలో పోయాడు, 1948లో ఆమె విమాన ప్రమాదంలో పోయింది. జాన్ కెనడీ 1963 జూన్‌లో ఇక్కడికి వచ్చి వెళ్లినట్టు నేలలో ఒక ఫలకం ఉంటుంది. రెండోది జోసెఫ్ పాక్స్టన్‌ది. ఆయనతో మనకు తర్వాత పని ఉంది.

ఊరు దాటాక ఎక్కుడు మొదలవుతుంది. న్యూ పీస్ వుడ్ అంచుకు చేరి వెనక్కి చూస్తే లోయంతా కనిపిస్తుంది. అక్కడి నుంచి కాల్టన్ పచ్చికబయళ్లు, మానర్స్ వుడ్ అడవి, ఆ తర్వాత నిటారైన దిగుడు, చివరికి బేక్‌వెల్. అక్కడ పుడ్డింగ్ తిని షెఫీల్డ్ బస్సెక్కి పార్కుకు తిరిగి రావచ్చు. కారు లేనివాళ్లకు ఇది చక్కటి ఏర్పాటు. కానీ గుట్ట దాటిన క్షణం నుంచి చాట్స్‌వర్త్ మన వెనకబడిపోతుంది. మిగిలిన సగం మంచి పల్లెటూరి నడకే, కాదనను. అయితే అటువంటి నడక డార్బీషైర్‌లో ఎక్కడైనా దొరుకుతుంది.

ఇక స్టాండ్ వుడ్. దీన్నే ఎందుకు ఎంచుకోమంటానో ఒక్క మాటలో చెప్పాలంటే, నీళ్లు.

తోటలో ఎంపరర్ ఫౌంటెన్ అని ఒకటుంది. పార్కులో చాలా చోట్ల నుంచి దాని తెల్లటి ధార కనిపిస్తుంది. 1843లో రష్యా చక్రవర్తి నికొలస్ రావచ్చని కబురొచ్చింది. ఆయన కోసం ప్రపంచంలోకెల్లా ఎత్తయిన ఫౌంటెన్ కట్టాలని ఆరో డ్యూక్ తలచి, పని పాక్స్టన్‌కు అప్పగించాడు. పాక్స్టన్ 1826లో ఇక్కడ ప్రధాన తోటమాలిగా చేరినవాడు, తర్వాత 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ కట్టినవాడు. ఆయన భవనానికి 350 అడుగుల ఎత్తున, గుట్ట మీద ఎనిమిదెకరాల చెరువు తవ్వించాడు. రాత్రిళ్లు కాగడాల వెలుగులో కూడా పని సాగి ఆరు నెలల్లో పూర్తయింది. ధార 296 అడుగుల ఎత్తుకు లేచినట్టు నమోదైంది. చక్రవర్తి మాత్రం దాన్ని చూడనేలేదు. నేటికీ ఆ ధార వెనక పంపు లేదు, మోటారు లేదు. పై చెరువు నుంచి గొట్టంలో దిగే నీటి బరువే దాన్ని పైకి తంతుంది. 1893 నుంచి అదే నీటితో ఇంటికి కరెంటు కూడా తీశారు.

కింద నిలబడి ధారను చూసేవాళ్లకు ఆ చెరువు కనిపించదు, ఉందన్న ఊహ కూడా రాదు. స్టాండ్ వుడ్ ఎక్కితేనే అసలు సంగతి విప్పుకుంటుంది. కార్ల పార్కింగ్ వెనక నుంచి దారి అడవిలోకి వెళ్తుంది. మెట్లు కొంచెం నిటారుగా ఉంటాయి. పైన 1580ల నాటి హంటింగ్ టవర్ వస్తుంది. నాలుగు మూలలా గుండ్రటి బురుజులున్న ఆ కట్టడం బెస్ కాలానిది, వేటను పై నుంచి చూడటానికి కట్టినది. దాని ముందు నుంచి చూస్తే ఇల్లూ నదీ వంతెనా ఎన్సర్ చర్చి శిఖరమూ ఒకదాని వెనక ఒకటి వరసగా కనిపిస్తాయి. నది గట్టున ఎదురుగా చూసిన బొమ్మను ఇక్కడ వెనక నుంచి చూస్తాం.

టవర్ దాటి చదునైన దారిలో కాస్త నడిస్తే ఎంపరర్ లేక్, దానికి దగ్గర్లోనే స్విస్ కాటేజ్ చెరువు. ముదురు రంగు నీళ్లు, ఒడ్డున పైన్ చెట్లు, బాతులు. చూడటానికి సాదా చెరువే. కానీ గట్టున నిలబడి ఈ నీరంతా ఎక్కడి నుంచి వచ్చిందని అడగండి. తూర్పున ఉన్న మూర్ మీద పడిన వానను కాలువల్లో పట్టి ఇక్కడికి తెచ్చారు. ఓరుగల్లు చుట్టుపక్కల కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులను ఎరిగినవాళ్లకు ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది: మీది నీరు కిందికి, వాలు చేసే పనికి మనిషి దారి చూపటమే. అక్కడ ఆ నీరు మడికి పారింది, ఇక్కడ ఒక ప్రభువు వేడుకకు పారింది. ఆ తేడా కూడా గట్టు మీద నిలబడితేనే తగులుతుంది.

అడవిలోకి కొద్దిగా దిగితే పాక్స్టన్ కట్టిన ఆక్విడక్ట్ ఉంది. కావాలనే శిథిలంలా కట్టిన రాతి కమానుల వరస అది. పైన కాలువలో నీరు పారుతూ వచ్చి, ఆఖరి కమాను తెగిన చోట ఒక్కసారిగా కిందికి దూకుతుంది. దాన్ని కింది నుంచి కాదు, పక్కనున్న బాట మీద నుంచి, నీరు అంచు దాటే చోటుకు సమంగా నిలబడి చూడండి. రాతి పెదవి మీద నాచు, అది ఆపినంత ఆపి వదిలేసే నీటి పొర, కింద రాళ్లకు తగిలి లేచే తుంపర. వానలు కురిసిన వారం వెళితే ఆ చప్పుడు దూరం నుంచే వినిపిస్తుంది.

ఓపిక ఉంటే ఇక్కడితో వెనుదిరగకండి. చెరువులు దాటాక అడవి అంచున కంచె దాటితే బీలీ మూర్. హీదర్ పొదలు, గాలి, ఆకాశం తప్ప ఏమీ ఉండవు. హాబ్ హర్స్ట్స్ హౌస్ అనే కంచు యుగపు సమాధి దిబ్బ అక్కడే ఉంది. పురాతన కట్టడాల రక్షణకు బ్రిటన్‌లో 1882లో తొలి చట్టం వచ్చినప్పుడు ఆ జాబితాలో చేరిన వాటిలో ఇదొకటి. ఇలాంటి బయళ్లలో మామూలు మనిషి నడవగలగటం ఊరికే రాలేదు. 1932లో ఈ డ్యూకుల వేట భూములున్న కిండర్ స్కౌట్ మీదికి వందలాది మంది నడిచి వెళ్తే అయిదుగురిని జైలుకు పంపారు. 2002లో, ఆ ఘటన డెబ్బయ్యో వార్షికోత్సవ సభలో, పదకొండో డ్యూక్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఆ సంగతి తెలిసి మూర్ మీద అడుగు వేస్తే ఆ నడకకు ఒక గౌరవం వస్తుంది.

అక్కడి నుంచి బీలీ ఊళ్లోకి దిగి, పొలం దాటి, ఒంటి కమాను వంతెన మీదుగా కాల్టన్ లీస్ చేరితే, ఇందాక చెప్పిన పిండిమరా నది గట్టూ ఎలాగూ వస్తాయి. అంటే మొదటి దారిలోని మంచి సగం ఈ దారిలోనే ఉంది, అదీ సాయంత్రపు ఎండ ఇంటి మీద పడే వేళకు. మొత్తం ఏడెనిమిది మైళ్లు. పొద్దున్నే మొదలుపెట్టి నెమ్మదిగా నడిస్తే సరిపోతుంది.

బాజ్లో ఎడ్జ్ సంగతి కూడా కొందరు అడుగుతారు. రాతి అంచు, ఈగిల్ స్టోన్ బండ, వెల్లింగ్టన్ స్మారకం బాగుంటాయి. కాకపోతే అది ఎడ్జ్ నడక, ఎస్టేటు నడక కాదు. రోజ్లీ వైపు నది దారి పొడిగించుకోవచ్చు గానీ అందుకోసం ప్రత్యేకంగా వెళ్లనక్కర్లేదు.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు రెండు జట్లుగా విడిపోవటం మేలు. ఒకరు వాళ్లతో నది గట్టున ఉండండి, మిగతావాళ్లు గుట్టెక్కి రండి, పేన్ వంతెన దగ్గర కలుసుకోండి. మూర్ మీదికి వెళ్లేటట్టయితే ఫోనులో మ్యాపు ఉందిలే అనుకోకుండా బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ఓఎల్ 24 కాగితం మ్యాపు, నీళ్లు, చలికోటు దగ్గర పెట్టుకోండి. కింద ఎండగా ఉన్నా పైన గాలి వేరు. వసంతంలో పార్కు నిండా గొర్రె పిల్లలుంటాయి. కుక్కను తీసుకెళ్తే పట్టె విప్పకండి.